కరెంటు పెట్టే ఏడు వారాలు: పథ్యం కాదు, బరువు చూడండి

తిరుత్తంగల్ నుంచి మదురైకి దాదాపు 70 కిలోమీటర్లు. నోట్లోనో గొంతులోనో క్యాన్సర్ వచ్చి రేడియోథెరపీకి, అంటే మన ఇళ్ళలో అనుకునే 'కరెంటు పెట్టించుకోవడానికి', రోజూ వెళ్ళి వచ్చే మనిషికి పోను రాను 140 కిలోమీటర్లు. వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాలు, మొత్తం 35 సిట్టింగులు. కూడితే 4,900 కిలోమీటర్లు అవుతుంది. కోవిల్‌పట్టి వాళ్ళు తిరునెల్వేలికి పోతే దూరం కొంచెం తగ్గుతుంది, అలుపు మాత్రం తగ్గదు.

తెల్లవారక ముందే ఒక గ్లాసు కాఫీతో బస్సెక్కడం, ఆసుపత్రి వరసలో కూర్చోవడం, పొద్దుపోయాక ఇల్లు చేరి ఇంత గంజి తాగి పడుకోవడం. ఎన్ని సిట్టింగులు అయ్యాయి, ఇంకా ఎన్ని ఉన్నాయి అన్నది ఇంటిల్లిపాదికీ నోటికి వస్తుంది. ఈ వారం బరువు ఎంత అని అడిగితే మాత్రం చాలా ఇళ్ళలో జవాబు ఉండదు. "కొంచెం చిక్కిపోయారు, ఈ జబ్బుకు మామూలేగా" అంటారు.

మామూలే కావచ్చు. కానీ ఆ చిక్కిపోవడం చిన్న విషయం కాదని మేము ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాము. రేడియోథెరపీ జరుగుతున్న రోజుల్లో బరువు కాపాడుకోవడం వైద్యంలో ఒక భాగం. దానికి కావలసినవి చాలావరకు మన వంటింట్లోనే ఉన్నాయి. అడ్డం వచ్చేవి కూడా కొన్ని అక్కడే ఉన్నాయి.

లెక్కలు ఏం చెబుతున్నాయి

బరువు తగ్గిన క్యాన్సర్ రోగులు తక్కువ కాలం బతుకుతున్నారన్నది కొత్త సంగతి కాదు. 1980లోనే అమెరికాలో కీమోథెరపీకి వచ్చిన 3,047 మంది రోగులను పరిశీలించి, చికిత్సకు ముందే బరువు తగ్గినవారి ఆయుర్దాయం తక్కువగా ఉందని వైద్యులు ప్రకటించారు.

రేడియోథెరపీ విషయంలో ఇంకా సూటిగా మాట్లాడే లెక్క నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. తల, మెడ భాగాల క్యాన్సర్‌కు రేడియోథెరపీ తీసుకున్న 1,340 మంది వివరాలు 2013లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయ్యాయి. చికిత్స మొదలయ్యే నాటికి బరువు తగ్గని వారిలో ఐదేళ్ళ తర్వాత 71 శాతం మంది బతికి ఉన్నారు. అప్పటికే పది శాతానికి మించి బరువు కోల్పోయి వచ్చినవారిలో బతికి ఉన్నది 42 శాతమే.

అదే పరిశోధనలో ఇంకొక లెక్క ఉంది. చికిత్స మొదలైన రోజు నుంచి ఎనిమిదో వారానికి 5 శాతం కంటే ఎక్కువ, లేదా పన్నెండో వారానికి 7.5 శాతం కంటే ఎక్కువ బరువు తగ్గితే దాన్ని ప్రమాదకరమైన తగ్గుదలగా లెక్కపెట్టారు. 57 శాతం మంది ఆ గీత దాటారు. వారిలో ఐదేళ్ళ తర్వాత క్యాన్సర్ మరణాన్ని తప్పించుకున్నవారు 82 శాతం, గీత దాటనివారిలో 89 శాతం. అంటే నూటికి ఏడుగురి తేడా.

ఈ 5 శాతం ఎంతో మన ఇంటి లెక్కలో చూద్దాం. 52 కిలోల పెద్దాయనకు 5 శాతం అంటే 2.6 కిలోలు, అంతే. చొక్కా కాస్త వదులవుతుంది, వేలి ఉంగరం జారుతుంది. "కొంచెం చిక్కారు" అని మనం అనేసరికే ఆయన గీత దాటేసి ఉంటారు. కంటితో చూసి చెప్పగలిగే విషయం కాదు ఇది. తూకం మీదే తెలుస్తుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. బరువు తగ్గడమే మరణానికి కారణమని ఈ లెక్కలు నిరూపించవు. జబ్బు ముదిరినవారే ఎక్కువ చిక్కిపోతారు, కాబట్టి కొంత తేడా జబ్బుదే. తిండి క్యాన్సర్‌ను నయం చేయదు కూడా. అలా చెప్పి పొడులూ కషాయాలూ అమ్మేవాళ్ళను నమ్మకండి. తిండి చేసే పని వేరు. నయం చేసే వైద్యాన్ని శరీరం చివరిదాకా తట్టుకునేలా చేస్తుంది.

బరువు తగ్గితే వైద్యం ఎక్కడ దెబ్బతింటుంది

మొదటిది, సిట్టింగులు తప్పిపోవడం. నోరు, గొంతు క్యాన్సర్లలో రేడియోథెరపీ అనుకున్న రోజుకు పూర్తి కావడం ముఖ్యం. మధ్యలో ఖాళీ దొరికితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్ళీ పెరగడం మొదలుపెడతాయి. చికిత్స ఒక్క రోజు పొడిగితే జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం దాదాపు 1 నుంచి 1.4 శాతం తగ్గుతుందని రేడియోథెరపీ వైద్యుల అంచనా. నీరసంతో వారం రోజులు ఇంట్లో పడుకుంటే ఎంత నష్టమో మీరే లెక్క వేసుకోండి. "ఒంట్లో బలం వచ్చాక పోదాంలే" అనే మాట మన ఇళ్ళలో ప్రేమతో అనేదే, కానీ ఖరీదైన మాట.

రెండోది, గురి. తల, మెడ భాగానికి కిరణాలు పెట్టేటప్పుడు మనిషి కదలకుండా ముఖం మీద అచ్చు తీసిన ప్లాస్టిక్ మాస్కు బిగిస్తారు. మొదటి వారం సరిగ్గా పట్టిన మాస్కు, బుగ్గలూ మెడా చిక్కిపోతే వదులవుతుంది. కిరణం పడవలసిన చోటు మారకుండా మళ్ళీ స్కాన్ తీసి, ప్లాన్ మార్చవలసి రావచ్చు.

మూడోది, తోడుగా ఇచ్చే మందు. చాలామందికి రేడియోథెరపీతో పాటు వారానికోసారో మూడు వారాలకోసారో సిస్‌ప్లాటిన్ ఎక్కిస్తారు. ఒంట్లో నీళ్ళు తక్కువైతే ఈ మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మింగలేక నీళ్ళు కూడా తాగని రోగికి వైద్యులు ఆ డోసు ఆపవలసి వస్తుంది.

నాలుగోది, మానడం. కిరణాలు క్యాన్సర్‌తో పాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ, నోటి లోపలి పొరనూ కాలుస్తాయి. రెండు మూడు వారాలకు నోరు పొక్కుతుంది, రుచి పోతుంది, లాలాజలం ఎండుతుంది. చివరి సిట్టింగు అయ్యాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు ఈ బాధ ఉంటుంది. ఆ పొర మళ్ళీ కట్టుకోవడానికి మాంసకృత్తులు కావాలి. బయటి నుంచి అందకపోతే శరీరం సొంత కండను కరిగించుకుంటుంది.

మన పథ్యం మంచిదే, ఇక్కడ కాదు

మన తెలుగు ఇళ్ళలో జబ్బు అనగానే మొదట గుర్తొచ్చేది పథ్యం. గుడ్డు వద్దు, మాంసం వద్దు, పెరుగు చలువ, నెయ్యి జీర్ణం కాదు, చెనక్కాయలు పిత్తం. ఏమీ లేని గంజి, మిరియాల చారు, ఇడ్లీ. మూడు రోజుల జ్వరానికి మన అవ్వలు పెట్టిన ఈ పథ్యంలో అర్థం ఉంది. కడుపుకు విశ్రాంతి ఇచ్చి, జ్వరం తగ్గాక మళ్ళీ మామూలు తిండికి తెచ్చేవారు. పథ్యం కొద్ది రోజుల ఏర్పాటు. రేడియోథెరపీ ఏడు వారాలు, మానడానికి మరో నెల. మూడు నెలల దాకా సాగే వైద్యానికి మూడు రోజుల పథ్యం పెట్టడమే తప్పు.

దీనికి తోడు ఫోన్లలో తిరిగే మాటలు. చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందనీ, పస్తులుంటే గడ్డ ఎండిపోతుందనీ చెప్పే వీడియోలు ఇంటింటికీ చేరాయి. గడ్డను పస్తు పెట్టే ఆహారం ఏదీ నిరూపణ కాలేదని, తిండి తగ్గించే అలాంటి పద్ధతులు వద్దని యూరప్ పోషకాహార వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. పస్తుంటే ముందు ఎండిపోయేది మనిషి కండ.

గంజి లెక్క చూడండి. 30 గ్రాముల బియ్యంతో కాచిన ఒక గిన్నె గంజిలో దాదాపు 105 క్యాలరీలు, 2 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మూడు పూటలా అదే తాగితే 315 క్యాలరీలు, 6 గ్రాములు. అదే సంఘం చెప్పిన ప్రకారం క్యాన్సర్ రోగికి రోజుకు కిలో బరువుకు 25 నుంచి 30 క్యాలరీలు, 1 గ్రాము కంటే ఎక్కువగా, వీలైతే 1.5 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. మన 52 కిలోల పెద్దాయనకు అది కనీసం 1,300 క్యాలరీలు, 52 గ్రాములు. గంజి మీద ఉన్న మనిషికి క్యాలరీలు నాలుగో వంతు కూడా అందడం లేదు. మాంసకృత్తులు పదో వంతు దగ్గరే ఆగిపోతున్నాయి. ఇంట్లో వాళ్ళు మాత్రం "మూడు పూటలా తాగుతున్నారు" అని నిజాయితీగానే చెబుతారు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేము. రోగి నాయనో తాతో అయితే ఈ పాటి గంజి అయినా వేళకు చేతికి అందుతుంది. రోగి అమ్మ అయితే? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఐదు వారాలు కరెంటు పెట్టించుకుంటూ, పొద్దున్నే అందరికీ వండి పెట్టి, చివర మిగిలింది తిని బస్సెక్కే ఆడవాళ్ళు మన మధ్య ఉన్నారు. వాళ్ళ బరువు ఎవరూ చూడరు. చీర కట్టులో చిక్కిపోవడం కనపడదు కూడా.

పురట్టాసి శనివారాల సంగతీ అంతే. నిన్ఱ నారాయణ పెరుమాళ్ కొండ కింద ఉన్న ఊరిలో ఆ నెల నీచు ముట్టని ఇళ్ళు ఎన్నో. ఇంట్లో వాళ్ళు ఆ నియమం పాటించవచ్చు. కరెంటు పెట్టించుకుంటున్న మనిషిని మాత్రం ఒక్కపొద్దు ఉండనివ్వకండి. నీచు వద్దనుకుంటే పాలు, పెరుగు, పప్పు, చెనక్కాయలు, పన్నీర్ రెట్టింపు చేయండి. మొక్కు వైద్యం అయ్యాక తీర్చుకోవచ్చు, పెరుమాళ్ ఎక్కడికీ పోరు.

ఇంటి తిండితోనే సాధ్యం

డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడులు కొనలేని ఇళ్ళు మనవాళ్ళలో చాలా ఉన్నాయి. వాళ్ళు తెలుసుకోవలసిన పరిశోధన ఒకటి ఉంది. పోర్చుగల్‌లోని లిస్బన్‌లో పెద్దపేగు, మలద్వార భాగం క్యాన్సర్‌కు రేడియోథెరపీ తీసుకుంటున్న 111 మందిని 37 మంది చొప్పున మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు పోషకాహార నిపుణులు ఒక్కొక్కరితో మాట్లాడి, వాళ్ళు మామూలుగా తినే ఇంటి తిండినే ఎలా బలంగా చేసుకోవాలో నేర్పారు. రెండో జట్టుకు పోషక పానీయాలు ఇచ్చారు. మూడో జట్టును ఇష్టమైనట్టు తినమన్నారు. 2005లో వచ్చిన ఫలితాల్లో మొదటి జట్టే మూడు నెలల తర్వాత కూడా మెరుగ్గా తింటూ, మెరుగైన స్థితిలో ఉంది. ఆరేళ్ళకు పైగా గమనించి 2012లో ప్రకటించిన ఫలితాల్లోనూ ఆ జట్టువారే మేలుగా ఉన్నారు. ఇది చిన్న పరిశోధన, ఒక్క ఆసుపత్రిది. అయినా దాని సారం మన ఇళ్ళకు సరిపోతుంది. గెలిచింది డబ్బా కాదు, నేర్పిన మనిషీ ఇంటి వంటా.

అదే గంజిని బలంగా చేసి చూద్దాం. నీళ్ళు తగ్గించి 200 మిల్లీలీటర్ల పాలు పోయండి. దోరగా వేయించి మెత్తగా పొడి కొట్టిన చెనక్కాయలు 20 గ్రాములు కలపండి. ఒక చెంచా నెయ్యి వేయండి. 105 క్యాలరీల గిన్నె 395 దాకా పోతుంది. మాంసకృత్తులు 2 గ్రాముల నుంచి 13కు పెరుగుతాయి. మూడు గిన్నెలకు దాదాపు 1,190 క్యాలరీలు, 39 గ్రాములు. దానికి బాగా ఉడికించి మెత్తగా చిదిమిన రెండు కోడిగుడ్లు తోడైతే మన పెద్దాయన కనీసపు లెక్క దగ్గరకు వచ్చేసినట్టే. గిన్నె పెద్దది కాలేదు, గిన్నెలో ఉన్నది మారింది.

కరిసల్ నేల మనకు ఇచ్చిన సరుకే ఇదంతా. కోవిల్‌పట్టి చెనక్కాయ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెనక్కాయ, బెల్లం కలిసిన ఆ ముక్కలో బలం ఉంది. నోరు పొక్కనివాళ్ళు బస్సులో తినడానికి రెండు ముక్కలు దగ్గర పెట్టుకోవచ్చు. నోరు పొక్కినవాళ్ళకు అది గుచ్చుకుంటుంది, పొడి చేసి పాలల్లో కలపండి. చక్కెర జబ్బు లేనివాళ్ళకు శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా కూడా మెత్తగా దిగే తిండే. సజ్జ అంబలి చేసే ఇళ్ళలో దాన్ని పెరుగుతో చిక్కగా, ఉప్పు తక్కువగా, చల్లగా ఇవ్వవచ్చు.

నోరు మండే రోజుల్లో కారం, పులుపు, ఊరగాయ, వేడివేడి చారు పక్కన పెట్టండి. ఒక్కసారి పళ్ళెం నిండా పెడితే రోగి చూసే భయపడతాడు. రెండు గంటలకోసారి అర గ్లాసు చొప్పున ఇవ్వండి. ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో రోజుకు చాలాసార్లు పుక్కిలిస్తే నోరు శుభ్రంగా ఉంటుంది. నొప్పి మందు రాసి ఇచ్చి ఉంటే, తినడానికి అరగంట ముందు వేసుకోవచ్చా అని వైద్యుణ్ణి అడగండి. నొప్పి ఓర్చుకోవడం గొప్ప కాదు. ఓర్చుకున్న ప్రతి పూటా తిండి తప్పుతుంది.

ముక్కు గొట్టం గురించి కూడా ధైర్యంగా మాట్లాడుకోవాలి. గొట్టం పెట్టారంటే ఇక ఆశ లేదని మన ఇళ్ళలో ఏడుస్తారు. అది నిజం కాదు. మింగలేని కొన్ని వారాల పాటు తిండీ నీళ్ళూ మందులూ లోపలికి పోవడానికి వేసే దారి అది. నోరు మానాక చాలామందికి తీసేస్తారు. గొట్టం వద్దని రెండు వారాలు వాదించి, ఐదు కిలోలు పోగొట్టుకున్నాక ఒప్పుకోవడం కంటే, వైద్యులు చెప్పిన రోజే ఒప్పుకోవడం మేలు.

అందరికీ ఒకే పట్టిక కాదు

పైన చెప్పినది ఎక్కువగా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు వర్తిస్తుంది. పొత్తికడుపు భాగానికి కరెంటు పెట్టేటప్పుడు విరేచనాలు మొదలవుతాయి. అప్పుడు పాలు, పీచు, నూనె ఎక్కువైన తిండి ఇబ్బంది పెట్టవచ్చు. పెరుగన్నం, అరటిపండు, మెత్తని పెసరపప్పు, గుడ్డు, ఉప్పూ చక్కెరా కలిపిన ఓఆర్ఎస్ నీళ్ళు సరిపడతాయి. రొమ్ము క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకునే ఆడవాళ్ళలో చాలామందికి బరువు పెరగడమే సమస్య. వాళ్ళకు నెయ్యి పోయనక్కరలేదు.

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు తిండి మానేయకుండా, మందు మోతాదు సర్దించుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాంసకృత్తులు ఎంత అన్నది వైద్యులు చెప్పాలి. చాలా రోజులు దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం ప్రమాదం, రక్తంలో లవణాలు పడిపోతాయి. అలాంటివారికి ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. కీమో కూడా నడుస్తుంటే పచ్చి గుడ్డు, పచ్చి పాలు, బయట కోసి పెట్టిన పండ్లు వద్దు.

వారం లోపల రెండు కిలోలు తగ్గినా, నీళ్ళు కూడా మింగలేకపోయినా, మూత్రం బాగా తగ్గినా, జ్వరం వచ్చినా, తినేటప్పుడు పొరబోయి దగ్గు ఆగకపోయినా తర్వాతి సిట్టింగు దాకా ఆగకండి. ఆ రోజే చెప్పండి.

క్షయకు చేసింది దీనికి ఎందుకు చేయరు?

ఇంతవరకు ఇంటి సంగతి. కానీ భారమంతా ఇంటి మీదే వేయడం న్యాయం కాదు. అగ్గిపెట్టెల పనిలో, బాణాసంచా పనిలో, అచ్చు ఆఫీసుల్లో రోజు కూలికి పోయే ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వస్తే ఇద్దరి కూలి పోతుంది, రోగిది ఒకటి, తోడు వెళ్ళేవాళ్ళది ఒకటి. ముఖ్యమంత్రి కాప్పీట్టు కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం దొరుకుతుంది, అందులో రేడియోథెరపీ ఉంది. ఇది చిన్న మేలు కాదు. అయితే రోజూ వచ్చి పోయే రోగికి వార్డు భోజనం ఉండదు. వైద్యం ఉచితమే, ఆ వైద్యాన్ని తట్టుకునే తిండి మాత్రం కూలి పోయిన ఇంటి నుంచే రావాలి.

ఇది ఎలా మార్చవచ్చో మన రాష్ట్రానికి తెలియనిది కాదు. క్షయ విషయంలో చేసి చూపించింది. 2022 ఏప్రిల్‌లో తమిళనాడు మొదలుపెట్టిన 'కాసనోయ్ ఇఱప్పిల్లా తిట్టం'లో, క్షయ అని తేలిన వెంటనే రోగి బరువు, ఎత్తు, కాళ్ళ వాపు, శ్వాస వేగం, ఆసరా లేకుండా నిలబడగలరా లేదా అన్నవి చూస్తారు. మరీ చిక్కిపోయినవారిని వేరు చేసి ఆసుపత్రిలో చేర్చుకుంటారు. పెద్ద యంత్రాలు అక్కరలేదు, తూకం, టేపు, చూసే మనిషి చాలు.

కేంద్రం 2018 నుంచి క్షయ రోగులకు పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేసింది. జార్ఖండ్‌లో 2,800 మంది క్షయ రోగులకు ఆహార పొట్లాలు ఇచ్చి చేసిన పరిశోధన 2023లో వచ్చింది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవారిలో మరణ ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. క్షయ వేరు, క్యాన్సర్ వేరు. క్షయలో మందుతో జబ్బు తగ్గుతూ ఆకలి పుడుతుంది, రేడియోథెరపీలో వైద్యమే ఆకలిని చంపుతుంది. అందుకే ఇక్కడ తిండి సాయం ఇంకా ఎక్కువ కావాలని మేము అంటాము.

తిండి పెట్టడం సర్కారు పని అని దేశానికి నేర్పిన నేల ఇది. తెలుగు ఇంట పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు నగర సంస్థకు నాయకత్వం వహించిన కాలంలో, 1920లో, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైంది. విరుదునగర్ బిడ్డ కామరాజ్ 1950లలో దాన్ని రాష్ట్రమంతా నడిపించారు. 1982లో ఎంజీఆర్ పెంచారు. 2022 సెప్టెంబరు 15న బడిపిల్లల ఉదయం పలహారం పథకం మొదలైంది మదురైలోనే. పిల్లవాడు ఖాళీ కడుపుతో చదవలేడని ఒప్పుకున్న రాష్ట్రం, రోగి ఖాళీ కడుపుతో రేడియోథెరపీని తట్టుకోలేడని కూడా ఒప్పుకోవాలి.

అందుకే మేము అడిగేవి నాలుగు. ప్రతి రేడియోథెరపీ కార్డులో సిట్టింగుల పక్కన వారం వారం బరువు రాసే గడి ఉండాలి. 5 శాతం దాటగానే ఆ రోగి పోషకాహార నిపుణుల దగ్గరకు వెళ్ళాలి. రేడియోథెరపీ జరిగే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, రోజూ వచ్చి పోయే రోగికీ తోడు వచ్చినవారికీ ఒక పూట మెత్తని భోజనం ఉండాలి. చికిత్స జరిగే నెలల్లో క్షయ రోగికి ఇచ్చినట్టే పోషణ భత్యం ఇవ్వాలి. 2022 జనవరిలో మొదలైన విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల మన దగ్గరలోనే ఉంది. మదురై నుంచి వచ్చిన రోగి బరువు చూడటం, గొట్టం సరిచూడటం, సెలైన్ ఎక్కించడం లాంటి పనులకైనా అక్కడ ఏర్పాటు ఉంటే, సిట్టింగు లేని శని ఆదివారాల్లో రోగి అంత దూరం పోనక్కరలేదు. 'మక్కళై తేడి మరుత్తువం' కింద ఇంటికి వచ్చే కార్యకర్తలకు కూడా ఈ తూకం పని చెప్పవచ్చు.

మన సంఘాలు చేయగలిగింది

మన వాళ్ళకు ఊరూరా కల్యాణ మండపాలు ఉన్నాయి, సంఘాలు ఉన్నాయి, మదురైలో తిరునెల్వేలిలో స్థిరపడ్డ బంధువులు ఉన్నారు. పెళ్ళి ముహూర్తం లేని రోజుల్లో మండపాల గదులు ఖాళీగానే ఉంటాయి. ఏడు వారాలు ఆసుపత్రికి దగ్గరలో ఒక గది, ఒక గ్యాస్ పొయ్యి దొరికితే రోగికి రోజూ నాలుగైదు గంటల ప్రయాణం తప్పుతుంది. ఆ గంటల్లో రెండు పూటల తిండి పడుతుంది.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు హార్లిక్స్ సీసా, బిస్కెట్లు తీసుకుపోవడం మన అలవాటు. ఈసారి డజను గుడ్లో, కిలో చెనక్కాయలో తీసుకుపోండి. అంతకంటే మేలు చేయాలంటే, "వచ్చే మంగళవారం తోడుగా నేను పోతాను, మీరు పనికి పోండి" అనండి. ఒక రోజు కూలి నిలిస్తే ఆ ఇంట్లో పాలు ఆగవు.

ఇంట్లో ఒక తూకం కొనండి. లేకపోతే పక్కింటి తూకమైనా పరవాలేదు, ప్రతిసారీ అదే తూకం కావాలి. ప్రతి సోమవారం పొద్దున్నే బస్సుకు ముందు, ఒకే రకం బట్టలతో రోగిని నిలబెట్టి చూడండి. కాలెండరు మీద ఆ తేదీ పక్కన రాయండి. మొదటి రోజు బరువులో ఇరవయ్యో వంతు ఎంతో లెక్కకట్టి పైన రాసి పెట్టుకోండి. అంత తగ్గితే ఆ కాలెండరు కాగితాన్ని చించి వైద్యుల బల్ల మీద పెట్టండి. నాయన తినడం లేదని చెబితే వినీ విననట్టు పోవచ్చు. మూడు సోమవారాల్లో 52 నుంచి 49కి వచ్చారని రాసి చూపిస్తే ఎవరూ పక్కన పెట్టలేరు.